నాన్న అయోర్టా స్టెంట్‌కి ఇన్ఫెక్షన్ అనుమానం, పెట్ సీటీ చేయించమన్నారు (చెన్నై)

పెన్నా ఒడ్డు | సోమవారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. నేను వేళచ్చేరిలో ఉంటాను. పుట్టిల్లు నెల్లూరు జిల్లా, కోవూరు దగ్గర పల్లె. నాన్నకి 68 ఏళ్లు. వరి సేద్యం. షుగర్ పద్నాలుగేళ్లుగా ఉంది. రెండున్నరేళ్ల కిందట కడుపులో అయోర్టా (గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం) 6.2 సెంటీమీటర్లకి ఉబ్బిందని ఇక్కడే చెన్నైలో గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు జాలీకి బట్ట తొడిగిన గొట్టం) పెట్టారు. నాలుగో రోజే ఇంటికి పంపారు. తర్వాత బాగానే ఉన్నారు, పొలం పనులు కూడా చూసుకున్నారు.

రెండు నెలల నుంచి సాయంత్రమయ్యేసరికి 100 దాకా జ్వరం వస్తోంది. నడుం నొప్పి. ఐదు కిలోలు తగ్గారు. ఊళ్లో రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. వేసుకున్నన్నాళ్లు జ్వరం ఉండదు, ఆపిన వారానికి మళ్లీ మొదలు. మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, మలేరియా, టీబీ అన్నీ చూశారు, ఏమీ దొరకలేదు. స్టెంట్ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఆ బాధ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఇప్పుడు చెన్నై తీసుకొచ్చాం. వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్షలు రెండూ ఎక్కువే: సీఆర్‌పీ 78, ఈఎస్ఆర్ 95. సీటీ యాంజియోలో (రక్తనాళాలు చూపించే సీటీ స్కాన్) గ్రాఫ్ట్ చుట్టూ కొంచెం నీరులాంటిది కనిపించింది, గాలి బుడగలు లేవు. ఇన్ఫెక్షన్ కావచ్చు, కాకపోవచ్చు అని రాశారు. వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ గారు పెట్ సీటీ చేయించమన్నారు. అది విని మా బావ "క్యాన్సర్ వాళ్లకి కదా ఆ స్కాన్" అన్నాడు. అప్పటి నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు.

ఈ స్కాన్ ఇన్ఫెక్షన్‌కి కూడా చేస్తారా? షుగర్ ఉన్నవాళ్లకి కుదురుతుందా? దీంతో తేలిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రెండో షిఫ్ట్ | సోమవారం, ఉదయం 8:05

అక్కా, నేను చెన్నైలోనే న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుని. ముందు అమ్మగారికి ఇది చెప్పండి: ఆ స్కాన్ రాశారంటే క్యాన్సర్ అని అనుమానించారని అర్థం కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్యాన్సర్ పేషంట్లే, నిజమే. కానీ కారణం తెలియని జ్వరాలు, గుండె వాల్వు ఇన్ఫెక్షన్లు, గ్రాఫ్ట్ ఇన్ఫెక్షన్ల వాళ్లు కూడా వస్తారు.

మేం ఇచ్చే మందు పేరు ఎఫ్‌డీజీ. అది గ్లూకోజ్ లాంటిదే, దానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువు తగిలించి ఉంటుంది. చక్కెర ఎక్కువగా తినే కణాలు దాన్ని లాక్కుంటాయి. క్యాన్సర్ కణాలు అలా లాక్కుంటాయి. క్రిములతో పోరాడుతున్న తెల్ల రక్తకణాలూ అంతే. అందుకే చీము, వాపు ఉన్నచోట స్కాన్‌లో వెలుగుతుంది. మామూలు సీటీ ఆకారం చూపిస్తుంది, పెట్ అక్కడ జరుగుతున్న పని చూపిస్తుంది. రెండూ ఒకే బల్ల మీద తీసి కలిపి చూస్తారు కాబట్టి వెలుగు గ్రాఫ్ట్ మీద ఉందా, పక్కన పేగులో ఉందా అన్నది తెలుస్తుంది.

షుగర్ విషయం మాత్రం గట్టిగా పట్టించుకోండి. రక్తంలో మామూలు చక్కెర ఎక్కువుంటే మా మందుతో పోటీ పడుతుంది, బొమ్మ మసకబారుతుంది. సాధారణంగా 200 లోపు ఉండాలంటాం. కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు ఎన్నయినా తాగొచ్చు. అప్పటికప్పుడు ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించి స్కాన్ చేస్తే మందంతా కండరాల్లోకి పోతుంది, అలా వద్దు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే పేగులు బాగా వెలుగుతాయి. నాన్నగారి విషయంలో ఇది ముఖ్యం, ఎందుకంటే చిన్నపేగు మొదటి భాగం సరిగ్గా అయోర్టా మీదుగానే అడ్డంగా వెళుతుంది. పేగు వెలుగుని గ్రాఫ్ట్ వెలుగని పొరబడే ప్రమాదం ఉంది. 48 గంటల ముందు ఆపొచ్చా అని డాక్టరుని అడగండి, మీ అంతట మీరు ఆపకండి. ముందు రోజు ఎక్కువ నడిపించకండి.

అడయార్ కోడలు | సోమవారం, ఉదయం 10:30

చెల్లెమ్మా, మా మామగారికి పొట్ట కోసి అయోర్టాకి డాక్రాన్ బట్ట గొట్టం వేశారు. నాలుగో నెలలో జ్వరం వస్తే పెట్ సీటీ చేయించాం. గ్రాఫ్ట్ పొడవునా వెలిగింది. రిపోర్ట్ చూసి ఇంట్లో ఎవరమూ ఆ రాత్రి పడుకోలేదు. గ్రాఫ్ట్ తీసేయాలేమో అన్నారు. రెండో అభిప్రాయానికి వేరే పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్తే బొమ్మలు తెప్పించి దగ్గర కూర్చోబెట్టుకుని చూపించారు. వెలుగు పలుచగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంది. బయటి వస్తువు ఒంట్లో పెడితే శరీరం దాని చుట్టూ కొంత కాలం చూపించే ప్రతిస్పందన అది, కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది అన్నారు. ఆపరేషన్‌లో అతికించడానికి వాడే జిగురు కూడా అలాగే వెలుగుతుందట. తర్వాత తెల్లకణాల స్కాన్ చేయించారు, అది శుభ్రంగా వచ్చింది. జ్వరానికి కారణం పిత్తాశయం. మూడేళ్లయింది, మామగారు బాగున్నారు.

స్కాన్ చేయించొద్దని కాదు నేను చెప్పేది. "వెలిగింది" అనే మాట ఒక్కటే విని కంగారు పడకండి. ఎక్కడ వెలిగింది, ఎలా వెలిగింది అని అడగండి.

కత్తెర్లూ కుట్లూ | సోమవారం, రాత్రి 11:20

డ్యూటీ ముగించుకుని చదువుతున్నాను. వాస్క్యులర్ సర్జరీలో శిక్షణ పొందుతున్నాను. నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఇది సాధారణ సమాచారంగానే తీసుకోండి.

ముందు ఒక అత్యవసర ప్రశ్న. మలం నల్లగా, తారులా వస్తోందా? రక్తపు వాంతి ఏమైనా? గ్రాఫ్ట్ ఇన్ఫెక్షన్ పేగులోకి దారి చేసుకుంటే మొదట కొంచెం రక్తం పోయి ఆగిపోతుంది, తర్వాత ఒక్కసారిగా ప్రాణం మీదికి వస్తుంది. అలాంటిది ఏదైనా ఉంటే స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

సీటీ ఎందుకు తేల్చలేదో చెప్తాను. స్టెంట్ గ్రాఫ్ట్ పద్ధతిలో ఉబ్బిన అయోర్టాని తీసెయ్యరు, దాని లోపల కొత్త గొట్టం అమరుస్తారు. పాత సంచి, దాంట్లో గడ్డకట్టిన రక్తం అక్కడే ఉంటాయి. చుట్టూ కనిపించేది ఆ పాత సరుకా, చీమా అన్నది సీటీకి కష్టం. అధ్యయనాలు కలిపి చూసిన లెక్కల్లో గ్రాఫ్ట్ ఇన్ఫెక్షన్‌ని సీటీ యాంజియో పట్టుకునేది నూటికి 67 దాకా. ఎఫ్‌డీజీ పెట్ సీటీ 95 దాకా పట్టుకుంటుంది. కానీ ఇన్ఫెక్షన్ లేనివాళ్లని లేదని సరిగ్గా చెప్పడంలో అది 80 దగ్గరే ఆగుతుంది. అడయార్ కోడలు గారింట్లో జరిగింది ఆ మిగతా ఇరవైలోదే.

అందుకే గ్రాఫ్ట్ ఇన్ఫెక్షన్‌ని నిర్ధారించడానికి 2016లో వచ్చిన మ్యాజిక్ ప్రమాణాల్లో పెట్ వెలుగుని చిన్న ఆధారంగానే పెట్టారు. ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత కూడా గ్రాఫ్ట్ చుట్టూ నీరు ఉండటం, ఏడు వారాల తర్వాత గాలి ఉండటం పెద్ద ఆధారాలు. గ్రాఫ్ట్ దగ్గర్నుంచి తీసిన నమూనాలో క్రిమి పెరగడం ఇంకో పెద్ద ఆధారం. ఒక పెద్ద ఆధారానికి వేరే కోవలోని ఇంకో ఆధారం తోడైతే నిర్ధారణ.

ఆఖరి మాట, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. జ్వరం తగ్గాలని మళ్లీ ఊరికే యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. మనిషి నిలకడగా ఉంటే ముందు రక్తం కల్చర్‌కి (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష), రెండు మూడు సార్లు, వేరువేరు చోట్ల నుంచి తీయాలి. స్కాన్ క్రిమి ఉన్నచోటు చూపిస్తుంది, పేరు చెప్పదు. పేరు తెలియకుండా వేసే మందు చీకట్లో విసిరే రాయి.

పెన్నా ఒడ్డు | మంగళవారం, ఉదయం 5:55

డాక్టర్ గారూ, మీ మెసేజ్ చూడగానే నాన్నని అడిగాను. పది రోజులుగా నల్లగానే వస్తోందట. ఐరన్ మాత్రలు వేస్తున్నారు కదా, దానివల్లేమో అనుకున్నారట. మాకు చెప్పనే లేదు. ఇప్పుడే హాస్పిటల్‌కి బయల్దేరుతున్నాం.

కత్తెర్లూ కుట్లూ | మంగళవారం, ఉదయం 6:10

ఐరన్ వల్ల కూడా నలుపు వస్తుంది, అదే అయ్యుండొచ్చు. అయినా వెళ్లండి. హిమోగ్లోబిన్ చూస్తారు. ఎండోస్కోపీ చేసేవాళ్లకి లోపల అయోర్టా గ్రాఫ్ట్ ఉందని ముందే చెప్పండి. డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) మూడో భాగం దాకా చూడాలి, మామూలుగా రెండో భాగం దగ్గరే ఆపేస్తారు.

పెన్నా ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 4:30

హిమోగ్లోబిన్ 9.4, నెల కిందటి లెక్కే. ఎండోస్కోపీలో లోపలి దాకా చూశారు, రక్తం లేదు, పుండు లేదు. ఐరన్ నలుపే అన్నారు. అడ్మిట్ చేసుకున్నారు. రక్తం మూడుసార్లు కల్చర్‌కి తీశారు. పెట్ సీటీ గురువారం.

పెరంబూర్ పెద్దాయన | మంగళవారం, రాత్రి 8:15

అమ్మా, మీ మనసు నొప్పించాలని కాదు. నా స్నేహితుడి విషయంలో స్కాన్ మీద స్కాన్ చేస్తూ మూడు వారాలు గడిపారు. ఆఖరికి ఆపరేషనే చేశారు, అప్పటికి బాగా నీరసించాడు. అనుమానం ఇంత బలంగా ఉన్నప్పుడు నేరుగా ఆపరేషన్‌కి వెళ్తే పోదా? ఈ స్కాన్‌కి మళ్లీ వేలకు వేలు.

కత్తెర్లూ కుట్లూ | మంగళవారం, రాత్రి 10:50

పెద్దాయన గారూ, ఆలస్యం గురించి మీరన్నది సరైన మాటే. రక్తం పోతున్నా, బీపీ పడిపోతున్నా పెట్ కోసం ఆగేది లేదు. కానీ ఇన్ఫెక్షన్ పట్టిన స్టెంట్ తీయడం చిన్న పని కాదు. అయోర్టాని బిగించి ఆపాలి, కొక్కేలతో గోడకి పట్టుకున్న స్టెంట్‌ని ఊడదీయాలి, కుళ్లిన కండ అంతా తీసేసి మళ్లీ రక్తానికి కొత్త దారి వేయాలి. అనుభవమున్న చోట్ల కూడా ఇందులో ప్రాణాపాయం ఎక్కువే. ఇన్ఫెక్షన్ లేనివాళ్లకి ఆ ఆపరేషన్ చేస్తే? ఉన్నవాళ్లకి చేయకుండా వదిలేస్తే? రెండూ ఘోరమే. రెండు రోజులు ఆగి చేయించే స్కాన్ ఆ రెండు తప్పుల నుంచీ కాపాడుతుంది. ఇంకో లాభం, ఎక్కడ దాకా పాకిందో తెలిస్తే ఎంత మేర తీయాలో ముందే తెలుస్తుంది.

నార్త్ మద్రాస్ నర్సు | బుధవారం, ఉదయం 9:00

తెల్లకణాల స్కాన్ గురించి అడయార్ కోడలు చెప్పారు కదా, నేను ఆ విభాగంలో కొన్నేళ్లు చేశాను. పేషంట్ దగ్గర 40, 50 మిల్లీలీటర్ల రక్తం తీసి, తెల్లకణాలు వేరుచేసి, వాటికి టెక్నీషియం-99ఎం గాని ఇండియం-111 గాని పట్టించి మళ్లీ అదే మనిషికి ఎక్కిస్తారు. అవి చీము ఉన్నచోటికి వెతుక్కుంటూ పోతాయి. నాలుగు గంటలకి ఒకసారి, మర్నాడు ఒకసారి బొమ్మ తీస్తారు. నిజమైన ఇన్ఫెక్షన్ అయితే వెలుగు గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఉత్త వాపుకి పెద్దగా వెలగదు కాబట్టి ఆపరేషన్ అయిన కొత్తలో పెట్ కంటే ఇదే నమ్మకం. కానీ రక్తాన్ని బయట శుద్ధమైన క్యాబినెట్‌లో రెండు మూడు గంటలు పని చేయాలి. ఒకరి రక్తం ఇంకొకరికి పోకుండా పేర్లు రెండుసార్లు సరిచూసుకోవాలి. అంత ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు.

నాన్నగారికి నడుం నొప్పి ఉందన్నారు కదా, అందుకే పెట్ రాసి ఉంటారు. వెన్నుపూస ఇన్ఫెక్షన్‌ని తెల్లకణాల స్కాన్ సరిగ్గా చూపించదు, ఒక్కోసారి అక్కడ ఖాళీగా కనిపిస్తుంది. పెట్‌లో బాగా తెలుస్తుంది.

మైక్రోస్కోప్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

ల్యాబ్ మనిషిని. షుగర్ ఉన్న వరి రైతు అనగానే నాకు మెలియాయిడోసిస్ తట్టింది. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే క్రిమి వల్ల వచ్చే జబ్బు అది. ఆ క్రిమి తడి మట్టిలో, పొలం నీళ్లలో ఉంటుంది. దక్షిణాదిలో వర్షాకాలంలో కనిపిస్తుంది, రక్తనాళాలకీ పడుతుంది. కల్చర్‌లో సూడోమోనాస్ అనే వేరే క్రిమి అని పొరబడి పక్కన పెట్టేస్తుంటారు. మందులు కూడా పూర్తిగా వేరు, నెలల తరబడి వాడాలి. అదేనని నేను అనడం లేదు. నాన్నగారు వరి మడిలో దిగే మనిషని, షుగర్ ఉందని ల్యాబ్ ఫారంలో రాయించండి. సాల్మొనెల్లా, టీబీ కల్చర్ కూడా అడగండి.

పెన్నా ఒడ్డు | గురువారం, మధ్యాహ్నం 12:15

ఇవాళ స్కాన్ జరగలేదు. కింద స్కాన్ విభాగంలో సూది గుచ్చి చూస్తే షుగర్ 261. రాత్రంతా ఏమీ తినలేదు కదా అని ఆశ్చర్యపోయాం. పైకి వెళ్లి చూస్తే తెల్లవారుజామున డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) సెలైన్ ఎక్కించారు. ఉపవాసం ఉన్నారు, నీరసపడతారని ఎవరో పెట్టారట. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ శనివారం ఇచ్చారు.

ఇంకో సందేహం. మా చెల్లెలు ఆరో నెల గర్భిణి, నాన్నని చూడాలని నెల్లూరు నుంచి వస్తానంటోంది. రేడియేషన్ వల్ల ఏమైనా అవుతుందా?

రెండో షిఫ్ట్ | గురువారం, మధ్యాహ్నం 2:30

బాధపడకండి అక్కా. మాకు ఇది నెలకోసారైనా ఎదురవుతుంది. శుక్రవారం సాయంత్రమే కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలతో "గ్లూకోజ్ సెలైన్ వద్దు, పెట్ స్కాన్" అని రాయించండి. రాత్రి డ్యూటీ నర్సుకి మీరే స్వయంగా చెప్పండి. తెల్లవారి సూదిమందులు కూడా డెక్స్‌ట్రోస్‌లో కలపకుండా సెలైన్‌లో కలపమనండి.

ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. అంటే రెండు గంటల లోపే సగం అయిపోతుంది, తొమ్మిది గంటలకి ముప్ఫైలో ఒక వంతు మిగులుతుంది. మర్నాటికి లెక్కలోకి రాదు. శనివారం చెల్లెలు దగ్గర కూర్చోకుండా ఆదివారం వస్తే నిశ్చింత. నాన్నగారిని బాగా నీళ్లు తాగమనండి, మూత్రంలోనే ఎక్కువ పోతుంది. స్కాన్ ముందు బాత్‌రూమ్‌కి వెళ్లి రావాలి, మూత్రనాళం గ్రాఫ్ట్‌లో కాళ్ల వైపు దిగే శాఖల మీదుగా దిగుతుంది, అక్కడ నిలిచిన చుక్క కూడా వెలుగుతుంది.

పెన్నా ఒడ్డు | శనివారం, రాత్రి 9:10

అయింది. షుగర్ 148. ఇంజెక్షన్ ఇచ్చాక గంట సేపు మసక వెలుతురు గదిలో పడుకోబెట్టారు, మాట్లాడొద్దన్నారు. సిస్టర్ "తణ్ణి మట్టుం" (నీళ్లు మాత్రమే) అంటే నాన్న సరేనన్నారు, నెల్లూరోళ్లకి ఆ మాత్రం అరవం వస్తుంది కదా. ఇరవై నిమిషాల్లో స్కాన్ అయిపోయింది. నాన్న నన్ను ఒకటే అడిగారు, "లోపల పెట్టింది ఏం బట్టే?" అని. పాలిస్టర్ అంటే కాసేపు తన చొక్కా చెయ్యి పట్టుకుని చూసుకున్నారు.

రిపోర్ట్: గ్రాఫ్ట్ అంతా కాదు. ఎడమ కాలి వైపు దిగే శాఖ దగ్గర ఒకేచోట గట్టిగా వెలిగింది, అంచులు వంకరటింకరగా ఉన్నాయట. దాని వెనక మూడో నడుం వెన్నుపూస ముందు అంచు కూడా వెలిగింది. ఎస్‌యూవీ 9.4 అని రాశారు. అది ఎక్కువా?

రెండో షిఫ్ట్ | శనివారం, రాత్రి 10:00

ఎక్కువే. ఎస్‌యూవీ అంటే ఆ చోటు మందుని ఎంత గట్టిగా పట్టిందో చెప్పే అంకె. కానీ ఆ అంకె ఒక్కటీ పట్టుకోకండి, మిషన్‌ని బట్టి, షుగర్‌ని బట్టి, ఎంతసేపటికి తీశారన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకేచోట ఉండటం, సమంగా లేకపోవడం, పక్కన ఎముకలోకి పాకడం, ఇవి బరువైన మాటలు. లోహం ఉన్నచోట కంప్యూటర్ సవరణ వల్ల దొంగ వెలుగు వస్తుంటుంది, సవరించని బొమ్మల్లోనూ ఉందా అని అడగండి.

పెన్నా ఒడ్డు | తర్వాతి ఆదివారం, ఉదయం 7:30

వారం నుంచి రాయలేకపోయాను, క్షమించండి. సవరించని బొమ్మల్లో కూడా వెలుగు ఉంది. ఎక్కడ వెలిగిందో అక్కడికే సోమవారం సీటీలో చూస్తూ వీపు వైపు నుంచి సూది పంపి రెండు నమూనాలు తీశారు. యాంటీబయాటిక్ ఆపి అప్పటికి రెండు వారాలు దాటింది, అది మేలైందన్నారు. రక్తం కల్చర్‌లో ఏమీ రాలేదు. నమూనాలు రెండింట్లోనూ ఐదో రోజుకి స్టాఫ్ ఎపిడెర్మిడిస్ పెరిగింది. మైక్రోస్కోప్ గారూ, మీరు చెప్పింది కాదు, కానీ మీ మాట చెప్పినందువల్లే ల్యాబ్ వాళ్లు ప్లేట్లు తొందరపడి పారేయకుండా ఉంచారు.

మైక్రోస్కోప్ | ఆదివారం, ఉదయం 9:15

చర్మం మీద ఉండే క్రిమి అది, ఒక్క నమూనాలో వస్తే పైనుంచి తగిలిందనుకుంటాం. లోపలి నుంచి తీసిన రెండింట్లోనూ అదే రావడం, స్కాన్‌లో వెలిగిన చోటు అదే కావడం, ఇక సందేహం అక్కర్లేదు. గ్రాఫ్ట్ మీద పొరలా అతుక్కుని నెలలు, ఏళ్లు కదలకుండా ఉంటుంది. మీరు ముందే పట్టుకోలేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి, డాక్టర్లకే అంత తేలిగ్గా దొరకదు.

పెన్నా ఒడ్డు | ఆదివారం, ఉదయం 11:00

వాంకోమైసిన్, రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టారు. మూత్రం ఎర్రగా వచ్చిందని నాన్న భయపడ్డారు, రిఫాంపిసిన్ రంగు అని సిస్టర్ చెప్పాక కుదుటపడ్డారు. శుక్రవారం ఆపరేషన్. స్టెంట్ తీసేసి తొడల్లోని లోతు సిరలు తీసి వాటితోనే అయోర్టా కుడతారట. ఎనిమిది గంటలు పైనే పడుతుందన్నారు. ఎంత ప్రమాదమో దాచకుండా చెప్పారు. నాన్న అంతా విని సంతకం తనే పెట్టారు.

హాస్పిటల్ వాళ్లు ఆరు యూనిట్ల రక్తం సమకూర్చుకోమన్నారు. ఓ పాజిటివ్. చెన్నైలో మాకు పెద్దగా ఎవరూ లేరు. ఇవ్వగలిగినవాళ్లు మెసేజ్ పెట్టండి.

పెరంబూర్ పెద్దాయన | ఆదివారం, ఉదయం 11:20

నాకు వయసు దాటింది తల్లీ. నా కొడుకు, అల్లుడు ఇద్దరూ ఓ పాజిటివే. బుధవారం పొద్దున పంపిస్తాను.

అడయార్ కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 12:05

నేను జనవరిలో ఇచ్చాను, ఇంకా నాలుగు నెలలు నిండలేదు. మా ఆయన వస్తారు. మెసేజ్ పెట్టాను చూడు.

రెండో షిఫ్ట్ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

నేనూ, మా రూమ్మేట్ ఒకడూ. బుధవారం నైట్ డ్యూటీ దిగి కాదు, నిద్రపోయి మధ్యాహ్నం వస్తాం. ఇంకొకరు కావాలి కదా, మా విభాగంలో అడుగుతాను.

పెన్నా ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

అమ్మకి చదివి వినిపించాను. వచ్చేవాళ్లు ఖాళీ కడుపుతో రాకూడదట కదా, బుధవారం పొద్దున ఇడ్లీలు చేసి బ్లడ్ బ్యాంకు దగ్గరికి తెస్తానంటోంది. ఎంతమంది వస్తారో లెక్క చెప్పండి.